ఆస్పత్రి గురించి మీటింగ్ పెడితే జనం నీళ్ల గురించి ఎందుకు మాట్లాడతారు

వైద్యం అందరికీ ఒకేలా అందట్లేదని ఎక్కడ మీటింగ్ పెట్టినా ఒకటి గమనించండి. డాక్టర్లు లేరు, మిషన్లు పనిచేయట్లేదు అని మొదలైన మాట పావుగంట తిరక్కుండానే బస్సు దగ్గరికో, నీళ్ల దగ్గరికో, పనిలో సెలవు దొరకని దగ్గరికో వెళ్లిపోతుంది. అప్పుడు మైకు పట్టుకున్నాయన "టాపిక్‌లోకి వద్దామండీ" అంటాడు. నాకైతే జనం అప్పటికే టాపిక్‌లో ఉన్నారనిపిస్తుంది, మైకు పట్టుకున్నాయనే ఇంకా రాలేదు. ఈ గొడవ ఇవాళ్టిది కూడా కాదు.

1848లో, ఇప్పటి పోలండ్ వైపున్న అప్పర్ సైలీషియాలో టైఫస్ జ్వరాలు వచ్చి జనం చచ్చిపోతుంటే, సంగతేంటో చూసి రమ్మని దాన్ని ఏలుతున్న జర్మన్ రాజ్యం ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే 26 ఏళ్ల కుర్ర డాక్టర్ని పంపింది. వాళ్లు అడిగింది జ్వరం గురించి, ఈయన రాసిచ్చిందేమో చదువు, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం కావాలి, పన్నుల భారం పేదల మీద నుంచి తీసి డబ్బున్నోళ్ల మీద పెట్టండి, అక్కడి జనం మాట్లాడే పోలిష్ భాషలోనే అన్నీ నడపండి అని. మందు చీటీ అడిగితే రాజ్యాంగం రాసిచ్చినట్టుంది కదా! తిరిగొచ్చిన కొద్దిరోజులకే బెర్లిన్ తిరుగుబాటులో బారికేడ్ల దగ్గర నిలబడ్డాడు కూడా.

తర్వాత దాదాపు వందేళ్లకి, 1940లో, దక్షిణాఫ్రికాలోని ఫొలేలా అనే చోట సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే డాక్టర్ దంపతులు ఒక హెల్త్ సెంటర్ పెట్టారు. రోగం వచ్చినోళ్లకి మందిచ్చి ఊరుకోకుండా ఇల్లిల్లూ తిరిగి ఎవరేం తింటున్నారు, నీళ్లెక్కడివి అని రాసుకోవడం, కూరగాయల తోటలు వేయించడం, ఇదంతా వైద్యం కిందే లెక్కేశారు. 1957లో అక్కడికి జాక్ గైగర్ అనే అమెరికన్ మెడికల్ స్టూడెంట్ వచ్చి కొన్ని నెలలుండి ఈ పద్ధతి మొత్తం దగ్గరుండి చూశాడు.

ఆ గైగర్ 1960ల్లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బాయూ అనే నల్లజాతి వాళ్ల ఊళ్లో ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో హెల్త్ సెంటర్ పెట్టించాడు. బిల్డింగ్ లేవకముందే జాన్ హ్యాచ్ అనే ఆయన ఆ చుట్టుపక్కలంతా తిరిగి ఇళ్లలో, చర్చిల్లో చిన్నచిన్న మీటింగులు పెట్టి మీకేం కావాలి అని అడిగాడు. డాక్టర్ కావాలంటారనుకుంటే జనం చెప్పింది తిండి, పని, నీళ్లు, ఇల్లు. మరి పిల్లలు ఆకలితో చిక్కిపోయి వస్తుంటే గైగర్ వాళ్లు ఏం చేశారంటే, ప్రిస్క్రిప్షన్ కాగితం మీద పాలు, మాంసం, కూరగాయలు అని రాసేవాళ్లు, ఆ చీటీ కిరాణా కొట్లో ఇస్తే సరుకులిచ్చి బిల్లు హెల్త్ సెంటర్ ఫార్మసీకి పంపేవాళ్లు. పై ఆఫీసు నుంచి ఒకాయన ఊగిపోతూ వచ్చి, ఫార్మసీ డబ్బు రోగాలకి మందుల కోసం కదా అన్నాడట. గైగర్ జవాబు ఏంటంటే, నేను చదివిన పుస్తకాల్లో పోషకాహార లోపానికి మందు తిండే అని ఉంది! ఆ వచ్చినాయన ఇంక మాట్లాడలేదు. తర్వాత బావులు తవ్వారు, మరుగుదొడ్లు కట్టారు, వందల కుటుంబాలు కలిసి కోఆపరేటివ్ పెట్టుకుని కూరగాయలు పండించుకున్నాయి.

ఫ్రీగా ఇచ్చేస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. బ్రిటన్‌లో 1948 నుంచీ ఫ్రీయే. అయినా వేల్స్‌లో గ్లింకోరగ్ అనే బొగ్గుగని ఊళ్లో ప్రాక్టీస్ చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు, అవసరం ఎక్కడ ఎక్కువుంటే మంచి వైద్యం అక్కడ తక్కువుంటుంది, మార్కెట్ చేతికి ఎంత వదిలేస్తే ఇది అంత ముదురుతుంది అని. తలకిందుల సూత్రం అనమాట. 1977లో బ్రిటన్ ప్రభుత్వం దీని మీద డగ్లస్ బ్లాక్ అనే డాక్టర్ పెద్దగా ఒక కమిటీ వేస్తే, నైపుణ్యం అక్కర్లేని కూలిపనులు చేసేవాళ్లు రిటైర్మెంట్ వయసు రాకముందే పోయే ఛాన్సు పెద్ద ఉద్యోగాల వాళ్ల కంటే 2.5 రెట్లు ఎక్కువని తేలింది. రిపోర్టు వచ్చేసరికి ప్రభుత్వం మారింది. 1980 ఆగస్టులో, సరిగ్గా బ్యాంక్ హాలిడే సెలవుల టైములో, 260 జిరాక్స్ కాపీలు మాత్రం బయటికి వదిలారు. దాచాలనుకున్నారేమో గానీ దానివల్లే ఆ బ్లాక్ రిపోర్ట్ ఇంకా ఫేమస్ అయింది.

ఈ మధ్యలోనే 1978లో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-ఆటాలో 134 దేశాలు కూర్చుని 2000 కల్లా అందరికీ ఆరోగ్యం అన్నాయి. ఆ డిక్లరేషన్‌లో అందరికీ గుర్తున్నది ఆ నినాదమే గానీ, వైద్యం ప్లాన్ చేయడంలో పాల్గొనడం జనం హక్కు, బాధ్యత కూడా అని అందులో స్పష్టంగా రాసుంది. ఏడాది తిరక్కుండానే ఇదంతా అయ్యే పని కాదు, కొన్ని రోగాలు ఎంచుకుని వాటి మీద ఖర్చు పెడదాం అనే వాదన వచ్చింది, 1980ల్లో వరల్డ్ బ్యాంక్ సలహాతో చాలా పేద దేశాల్లో సర్కారు దవాఖానల్లో ఫీజులు పెట్టారు. చాలాచోట్ల పేదోళ్లు రావడం తగ్గిపోయింది.

నన్నడిగితే ఈ కథలో మీటింగ్ అనే మాటకి నిజంగా బలం వచ్చింది బ్రెజిల్‌లో. సైనిక పాలన పోయిన మరుసటి ఏడాదే, 1986లో, 8వ జాతీయ ఆరోగ్య సదస్సు పెడితే 4 వేల మందికి పైగా వచ్చారు, డాక్టర్లు, ఆఫీసర్లే కాదు, యూనియన్ల వాళ్లు, బస్తీ సంఘాల వాళ్లు కూడా. అక్కడ అనుకున్నవే 1988 రాజ్యాంగంలోకి ఎక్కాయి, ఆరోగ్యం అందరి హక్కు, ప్రభుత్వం బాధ్యత అని. 1990లో చట్టం చేసి ప్రతి మునిసిపాలిటీకీ ఒక హెల్త్ కౌన్సిల్ పెట్టమన్నారు, అందులో సగం సీట్లు వైద్యం వాడుకునే జనానివే, మిగతా సగంలో స్టాఫ్, ఆస్పత్రుల వాళ్లు, ప్రభుత్వం సర్దుకోవాలి.

అన్నిచోట్లా బాగా నడిచిందని కాదు. కొన్నిచోట్ల మేయర్ తన మనుషుల్నే జనం ప్రతినిధులుగా కూర్చోబెట్టాడన్న ఫిర్యాదులు వచ్చాయి, ఇంకొన్నిచోట్ల బడ్జెట్ కాగితాలు అర్థంకాక చేతులెత్తేశారు. కుర్చీ ఇవ్వడం ఒకటి, అందులో కూర్చున్నోళ్లకి కాగితం చదివే టైము ఇవ్వడం ఇంకోటి. అందుకే ఇలాంటి మీటింగ్ నోటీసు వస్తే నేను స్పీకర్ల పేర్లు చూడను, టైము చూస్తాను. వర్కింగ్ డే ఉదయం 11 గంటలకని ఉందంటే, ఆ రోజు కూలి పోగొట్టుకోకుండా రాలేనివాళ్లు ఆ హాల్లో ఉండరు.