ముఖంలో కనిపించేది కొంతే

1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే డాక్టర్లు కొందరు పిల్లల్ని పరీక్షించారు. ఒకరికొకరు ఏమీ కారు, జాతులు కూడా వేరు. అయినా ముఖాల్లో ఒకటే పోలిక. కళ్లు చిన్నవి, పై పెదవి సన్నం, ముక్కుకీ పెదవికీ మధ్య ఉండాల్సిన గాడి చదునుగా ఉంది. తల్లులందరూ గర్భిణులుగా ఉన్నప్పుడు విపరీతంగా తాగినవాళ్లే. ఈ జబ్బుకి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అంతకు ఐదేళ్ల ముందే ఫ్రాన్స్‌లో పాల్ లెమోయిన్ అనే డాక్టర్ 127 మంది పిల్లల గురించి ఇలాంటి సంగతే రాస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ గాడి ఎప్పుడు చెడుతుంది? 1981లో కాథ్లీన్ సులిక్ అనే పరిశోధకురాలి బృందం చూలు ఎలుకలకు ఏడో రోజున ఆల్కహాల్ ఇస్తే, పిండాల్లో అచ్చం అలాంటి ముఖాలే కనిపించాయి. మనుషుల్లో అది గర్భం నిలిచాక సుమారు మూడో వారం. నెల తప్పిందన్న అనుమానం కూడా అప్పటికి చాలామందికి రాదు.

అయితే మెదడు తొమ్మిది నెలలూ తయారవుతూనే ఉంటుంది. ఆల్కహాల్‌ను మాయ (ప్లాసెంటా) అడ్డుకోలేదు. తల్లి తాగిన కాసేపటికే బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. దాన్ని విచ్ఛిన్నం చేసే శక్తి ఆ పసి కాలేయానికి చాలా తక్కువ. పైగా ఉమ్మనీటిలో చేరినదాన్ని బిడ్డ మళ్లీ మళ్లీ మింగుతుంది. అందుకే ముఖం చక్కగానే ఉన్నా లెక్కలు రాని, చెప్పింది గుర్తుండని, కుదురుగా కూర్చోలేని పిల్లలు ఎందరో. బడిలో వాళ్లకి దక్కేది 'మొండివాడు' అన్న పేరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తప్పంతా తల్లిదే అనడం కూడా అన్యాయం. దక్షిణాఫ్రికా వెస్టర్న్ కేప్ ద్రాక్షతోటల్లో కూలీలకు జీతంలో కొంత భాగం వైన్‌గా ఇచ్చేవారు. చట్టం నిషేధించాక కూడా అది చాలాకాలం సాగింది. ప్రపంచంలో ఈ సమస్య అత్యధికంగా నమోదైన ప్రాంతాల్లో అదొకటి.

మన పల్లెల్లో కల్లు చలవ చేస్తుందంటారు. పులిసిన కల్లులో ఉండేదీ విస్కీలో ఉండే ఇథనాలే. గర్భిణికి ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ తేలలేదు.

తెలియక తాగేశానని టెన్షన్ పడేవాళ్లు ఆ మాట డాక్టర్‌తో దాచకుండా చెప్పాలి. ఏ నెలలో మానేసినా ఆ తర్వాత పెరిగే మెదడుకి మేలే. రోజూ బాగా తాగే అలవాటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.