తాతయ్య గుండెకి షాక్ ఎందుకు ఇస్తారు?

ప్రియమైన పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "కరెంటు షాక్ కొడితే ప్రమాదం కదా అమ్మమ్మా, డాక్టర్లే తాతయ్యకి ఎందుకు ఇస్తారు? ఇచ్చేదేదో ఇవాళే ఇవ్వకుండా మూడు వారాలు ఎందుకు ఆగమన్నారు?" అన్నారు. డాక్టర్‌ని అడిగి, కాస్త చదువుకుని ఇప్పుడు రాస్తున్నాను.

గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. కుడివైపు పై గదిలో ఒక చిన్న కణాల గుంపు కరెంటు సంకేతాలు పుట్టిస్తుంది. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు. ఇప్పుడు తాతయ్య పై గదుల్లో నిమిషానికి 350కి పైగా సంకేతాలు ఎటు పడితే అటు పరుగెడుతున్నాయి. దాంతో ఆ గదులు ముడుచుకోవడం మాని ఊరికే వణుకుతున్నాయి. దీన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. కొందరికి దానంతట అదే సర్దుకుంటుంది. ఏడు రోజులు దాటినా సర్దుకోకపోతే పర్సిస్టెంట్ అంటారు. తాతయ్యది అదే.

వణికే గదిలో రక్తం సరిగా కదలదు. ఎడమ పై గదికి ఆనుకుని చిన్న సంచిలాంటి మూల ఒకటి ఉంది. రక్తం అక్కడ నిలిచి గడ్డకట్టవచ్చు. అలాంటప్పుడు షాక్ ఇచ్చి లయ తెప్పిస్తే, గది మళ్ళీ గట్టిగా ముడుచుకోగానే ఆ గడ్డ ఊడి మెదడుకి వెళ్ళే ప్రమాదం ఉంది. పక్షవాతం వస్తుంది. అందుకే ముందు కనీసం మూడు వారాలు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకోవాలి. అంత టైమ్ లేనివాళ్ళకి గొంతులోంచి సన్నని గొట్టం దించి, స్కాన్‌లో గడ్డ లేదని చూసుకుని ఇస్తారు. షాక్ అయ్యాక కూడా ఆ గదులకి వెంటనే బలం రాదు. కాబట్టి ఇంకో నాలుగు వారాలైనా ఆ మాత్రలు ఆపకూడదు.

ఇక షాక్ సంగతి. కాసేపు మత్తు ఇస్తారు, నొప్పి తెలియదు. మెషీన్ గుండె కొట్టుకోవడాన్ని గమనిస్తూ సరైన క్షణంలోనే కరెంటు పంపుతుంది. తప్పు క్షణంలో పడితే కింది గదుల లయ చెడుతుంది, అది ప్రాణాంతకం. ఈ పద్ధతిని 1962లో బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్ ప్రచురించారు. షాక్ ఆ గజిబిజి సంకేతాలన్నిటినీ ఒక్కసారిగా ఆపేస్తుంది. తలోరకంగా చప్పట్లు కొడుతున్న గుంపు ఒక్కసారిగా ఆగిపోయిందనుకోండి. మళ్ళీ ముందుగా మొదలుపెట్టినవాళ్ళ తాళాన్నే మిగతావాళ్ళు అందుకుంటారు. గుండెలో అలా ముందుగా మొదలుపెట్టేది, నేను పైన చెప్పిన ఆ కణాల గుంపే.

అయితే చాలామందికి ఫిబ్రిలేషన్ మళ్ళీ వస్తుంది. రాకుండా అమియోడరోన్ లాంటి మందులు ఉన్నాయి. అది బాగా పనిచేస్తుంది కానీ థైరాయిడ్‌ని, కాలేయాన్ని, ఊపిరితిత్తుల్ని దెబ్బతీయగలదు, అందుకే టెస్టులు చేయిస్తూ ఉండాలి. ఫ్లెకైనైడ్ అనే ఇంకో మందు గుండెపోటు వచ్చినవాళ్ళకి పనికిరాదు.

నాకు ఎక్కువ ఆశ కలిగించింది అబ్లేషన్ అనే ఇంకో చికిత్స. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు 45 మందిని పరీక్షించి, ఈ అలజడిని మొదలుపెట్టే సంకేతాల్లో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి గుండెకి వచ్చే సిరల్లోనే పుడుతున్నాయని చూపించారు. గజ్జల దగ్గర సిరలోంచి సన్నని తీగ పంపి, ఆ సిరల చుట్టూ వేడితోనో చలితోనో చిన్న మచ్చలు చేస్తారు. సంకేతాలు ఆ గీత దాటలేవు. పర్సిస్టెంట్ అయినవాళ్ళకి కొన్నిసార్లు రెండోసారి కూడా చేయాల్సి వస్తుంది.

మేకల సంగతి కూడా చెప్పాలి, మీకు నచ్చుతుంది. 1995లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మేకల్లో ఫిబ్రిలేషన్ తెప్పించి చూశారు. ఎన్ని రోజులు కొనసాగనిస్తే, ఆ తర్వాత అంత మొండిగా నిలిచిపోయిందట. ఇది చదివాకే, తాతయ్య "చూద్దాంలే" అంటుంటే నేను ఒప్పుకోలేదు.

లయ కుదిరినా గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఆయన వయసుకి ఎప్పటికీ ఉండొచ్చు అన్నారు డాక్టర్. షాక్ ఇచ్చే రోజుకి ఇంకా పదకొండు రోజులుంది. రోజూ రాత్రి మీరు ఫోన్ చేసి "మాత్ర వేసుకున్నారా తాతయ్యా?" అని అడగండి. నేను అడిగితే విసుక్కుంటున్నారు, మీరు అడిగితే వెంటనే లేస్తారు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ