తీరం కోత: కృష్ణా డెల్టాలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

సూర్యలంక, వాడరేవు, మంగినపూడి బీచ్‌లకు సెలవు రోజున వచ్చేవాళ్లలో గుంటూరు, విజయవాడ వాళ్లు చాలామంది. ఆ తీరాల గురించి ఈ రెండు ఊళ్లలో చెప్పుకునే మాటల్లో కొన్ని నిజానికి చాలా దూరం. తీరాన్ని కాపాడాలన్న మంచి మనసుతో చేసే పనులే కొన్నిచోట్ల కోతను పెంచుతున్నాయి. ఎక్కువగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాం.

అపోహ: సముద్ర మట్టం పెరుగుతోంది కాబట్టే తీరం పోతోంది. మనం చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: మట్టం పెరుగుతున్న మాట నిజమే. ప్రపంచ సగటు ఇప్పుడు ఏడాదికి 4 మిల్లీమీటర్లకు పైనే. కానీ డెల్టా తీరంలో ఏడాదికి మీటర్ల లెక్కన నేల పోతుంటే, అసలు కారణం చాలావరకు ఇసుక కొరతే. కృష్ణా డెల్టా నది తెచ్చిన ఒండ్రుతో కట్టుకున్న నేల. 1966-69 మధ్య కృష్ణ నీటిలో కలిసి వచ్చిన ఒండ్రు ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులు. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల వెనక ఆగిపోయిన ఒండ్రు కడలి దాకా రాదు. అలలు మాత్రం ఎప్పటిలాగే ఇసుకను తీసుకుపోతూ ఉంటాయి. రాబడి తగ్గి ఖర్చు అంతే ఉంటే ఏమవుతుందో తీరంలో కనిపిస్తోంది. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990-2018 మధ్య మార్పులను పరిశీలించి, దేశ ప్రధాన భూభాగ తీరంలో 33.6 శాతం, ఆంధ్రప్రదేశ్ తీరంలో 28.7 శాతం కోతకు గురవుతోందని తేల్చింది.

అపోహ: పెద్ద వరద వచ్చిందంటే ఇసుక కూడా వచ్చేసినట్టే.

వాస్తవం: 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయింది. అప్పుడు సముద్రం మైళ్ల కొద్దీ ఎర్రగా కనిపిస్తే తీరానికి మేత దొరికిందనుకుంటాం. ఆ రంగు సన్నని బురదది. అది నీళ్లలో తేలుతూ లోతుకు పోతుంది, బీచ్‌లో నిలవదు. బీచ్ కట్టే ఇసుక రేణువు నది అడుగున దొర్లుతూ నెమ్మదిగా వస్తుంది. దారిలో తవ్వకాల గుంతలుంటే ముందు ఆ గుంతలను నింపి అక్కడే ఆగిపోతుంది. బ్యారేజీ దిగువన నదిలో హద్దు మీరి తవ్విన ఇసుక ప్రభావం నాగాయలంక, కోడూరు మండలాల తీరానికి చేరడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి దానికీ దీనికీ ఉన్న సంబంధం ఎవరికీ కనిపించదు. తీరం సంగతి విజయవాడ వాళ్లకెందుకు అని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే.

అపోహ: రాళ్ల గోడ కడితే బీచ్ నిలుస్తుంది.

వాస్తవం: గోడ తన వెనకున్న రోడ్డునో ఇంటినో కాపాడుతుంది. ముందున్న ఇసుకను కాపాడలేదు. వాలుగా ఉన్న ఇసుక మీద అల పాకుతూ బలం కోల్పోతుంది. గోడకు తగిలిన అల వెనక్కి తన్ని, గోడ పాదం దగ్గర ఇసుకను లేపేస్తుంది. అక్కడ నీటి లోతు పెరుగుతుంది, దాంతో తర్వాత వచ్చే అల ఇంకా పెద్దదై తగులుతుంది. గోడ ముగిసే చోట పక్క ఊరి తీరం వంపు తిరిగి లోపలికి కోసుకుపోతుంది. ఒక ఊరు గోడ కట్టుకున్నాక పక్క ఊరు కూడా అడగడానికి కారణం అదే.

తప్పనిసరై కట్టాల్సి వస్తే ఎక్కడ దెబ్బ తింటుందో ముందే తెలిసి ఉండాలి. ఇసుక మీద నేరుగా రాళ్లు పోస్తే సందుల్లోంచి నీరు ఇసుకను పీల్చుకుపోతుంది, రాళ్లు ఒక్కొక్కటిగా కుంగుతాయి. కింద నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద చిన్న రాయి, ఆ పైన పెద్ద రాయి, ఇలా పొరలు పడాలి. లోపలి పొర రాయి బరువు పై పొర రాయి బరువులో సుమారు పదో వంతు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. పాదం ఇప్పుడున్న ఇసుక మట్టం మీద కాక, తుపానుకు ఎంత లోతు కోసుకుపోతుందో అంచనా వేసి దాని కింద నుంచి మొదలవ్వాలి. అల ఎత్తు రెట్టింపైతే కావలసిన రాయి బరువు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ట్రాక్టర్‌తో తెచ్చి పోసిన క్వారీ రాళ్లు మామూలు రోజుల్లో గట్టిగా నిలబడి ఒక్క తుపానుకే చెల్లాచెదురయ్యేది అందుకే.

ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలైన జియోట్యూబ్‌లకూ వాటి బలహీనతలు వాటికున్నాయి. ఎండకు గుడ్డ పెళుసుబారుతుంది. లంగరు కొక్కెం, పడవ అడుగున మేకు, కత్తి తగిలితే చిరుగుతుంది. ఒక గొట్టం ఖాళీ అయితే పక్కవి కూడా జారుతాయి. కాకినాడ దగ్గరి ఉప్పాడలో వేసిన జియోట్యూబ్ కట్టను అలలు దెబ్బతీసిన సంగతి తెలిసిందే. వాటిని నింపడానికి ఎదురుగా ఉన్న బీచ్‌నే తవ్వడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

అపోహ: సముద్రంలోకి అడ్డంగా గట్టు కడితే ఇసుక పోగవుతుంది.

వాస్తవం: పోగవుతుంది, గట్టుకు ఒక పక్కనే. మన తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరం వైపు, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణం వైపు నడుస్తుంది. ఏడాది మొత్తం చూస్తే ఉత్తరానికే మొగ్గు. కాబట్టి గట్టుకు దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోసుకుపోతుంది. పుదుచ్చేరిలో 1989లో హార్బరు గట్లు వచ్చాక ఊరి ముందు బీచ్ పోయి రాళ్లు మిగిలాయి. 2018లో నీటి అడుగున ఉక్కు కట్టడం పెట్టి, ఇసుక పోశాకే కొంత బీచ్ తిరిగొచ్చింది. విశాఖలో హార్బరు దగ్గర ఆగే ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి ఆర్కే బీచ్‌కు పంపు చేస్తున్నారు. గట్టుకు ఇటు ఆగిన ఇసుకను అటు అందించే ఖర్చు గట్టు ఉన్నంతకాలం ఉంటుంది. ఆ ఖర్చును మొదటి అంచనాలోనే కలపాలి.

అపోహ: పోయిన ఇసుకను నాలుగు లారీలతో తెచ్చి పోస్తే సరి.

వాస్తవం: లెక్క కట్టి చూడండి. కిలోమీటరు పొడవున బీచ్‌ను 20 మీటర్లు వెడల్పు చేయాలనుకుందాం. పైన మిట్ట 2 మీటర్లు, నీటి కింద అలలు ఇసుకను కదిలించే లోతు 5 మీటర్లు అనుకుంటే మొత్తం 7 మీటర్లు. 1,000 × 20 × 7 = 1,40,000 ఘనపు మీటర్లు. టిప్పర్‌కు 10 ఘనపు మీటర్ల చొప్పున 14,000 టిప్పర్లు. పైకి కనిపించే భాగానికే లెక్క కట్టి ఇసుక తోలితే మొదటి వానాకాలంలోనే అది నీటి కింది వాలును నింపడానికి వెళ్లిపోతుంది. డబ్బంతా సముద్రం పాలైందని జనం అంటారు. అసలు తప్పు అంచనాలో ఉంటుంది.

ఇసుక రకం కూడా ముఖ్యమే. అక్కడ ఉన్న రేణువంత లేదా కాస్త ముతకగా ఉండాలి. సన్నని ఇసుక చదునైన వాలును కోరుకుంటుంది కాబట్టి త్వరగా జారిపోతుంది. చెరువు మట్టి, మొరం కలిసిన ఇసుక అసలు పనికిరాదు.

అపోహ: బీచ్ అంతా సరుగుడు వేస్తే కోత ఆగుతుంది. లేదా మడ మొక్కలు నాటాలి.

వాస్తవం: సరుగుడు గాలిని ఆపుతుంది, పొలాల మీదికి ఇసుక ఎగరకుండా చూస్తుంది. దిబ్బకు వెనక వేస్తే మేలే. అల తగిలే చోట వేర్ల కింద ఇసుక కోసుకుపోయి చెట్లు వరసగా పడిపోతాయి. సరుగుడు నీడలో, రాలిన ఆకు కింద దిబ్బను పట్టి ఉంచే గడ్డి, తీగలు బతకవు. ఆలివ్ రిడ్లే తాబేళ్లకు గుడ్లు పెట్టే చోటు కూడా దొరకదు.

మడకు బురద, ఆటుపోట్లు వచ్చిపోయే ఉప్పుటేరు కావాలి. అలలు కొట్టే ఇసుక తీరంలో నాటితే నిలవదు. నిజాంపట్నం, హంసలదీవి వైపు పాడైన మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి తెస్తే ఆ మొక్కలే బతుకుతాయి. అక్కడ పని నీటిదారితో మొదలవ్వాలి, నర్సరీతో కాదు.

అపోహ: ఇసుక దిబ్బ ఖాళీ స్థలం. చదును చేస్తే సముద్రం బాగా కనిపిస్తుంది.

వాస్తవం: తుపాను రోజున బీచ్‌కు అందే ఇసుక నిల్వ ఆ దిబ్బే. అల దిబ్బను కోసి ఇసుకను నీటి కింద తిన్నెగా పరుస్తుంది. తర్వాతి అలలు ఆ తిన్నె మీదే విరిగిపోతాయి. 2019 తీర ప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో చేర్చింది కూడా.

దిబ్బను తిరిగి నిలబెట్టడం ఊరి స్థాయిలో చేయగల పని. పెద్ద పోటు గీతకు బాగా పైన, తీరానికి సమాంతరంగా తాటాకుతోనో వెదురుతోనో మీటరు ఎత్తు దడి కట్టాలి. దడిలో సగం సందు ఉండాలి. పూర్తిగా మూసేస్తే గాలి పైనుంచి దూకి పాదం దగ్గర ఇసుకను తవ్వేస్తుంది. ఒకటే పొడవు దడి కాకుండా మూడేసి మీటర్ల ముక్కలుగా, మధ్యలో తాబేళ్లు దాటేంత ఖాళీ వదలాలి. ఇసుక దడి సగానికి మించి పేరుకున్నాక దాని మీద ఇంకో దడి వేయాలి.

వానలు పట్టుకున్నాక, జూలై-ఆగస్టులో నాటాలి. సముద్రం వైపు స్పైనిఫెక్స్ గడ్డి, మేక గిట్ట లాంటి ఆకులు, ఊదా పూలు ఉండే ఐపోమియా తీగ సరిపోతాయి. రెండు మూడు కణుపులున్న ముక్కలను తడి ఇసుక తగిలేదాకా, ఒక జానెడు లోతున, అర మీటరు ఎడంతో, ఒక వరస సందుకు ఎదురుగా తర్వాతి వరస మొక్క వచ్చేలా పాతాలి. మొదటి ఏడాది పశువులు, బైకులు, జీపులు తొక్కకుండా చూస్తే చాలు. జనం నడిచే దారి సముద్రానికి తిన్నగా కాక ఏటవాలుగా ఉండాలి. తిన్నటి దారి ఉంటే గాలి, ఉప్పెన నీరు అక్కడి నుంచే లోపలికి దూరతాయి. పడవలు లాగే చోటు, వలలు, చేపలు ఆరబెట్టే చోటు మత్స్యకారులనే అడిగి ముందుగా వదిలేయాలి. అలా వదలని దడి వారం కూడా నిలవదు.

అపోహ: తుపాను తర్వాత బీచ్ సగం పోయింది, వెంటనే ఏదో ఒకటి కట్టాలి.

వాస్తవం: అక్టోబరు-డిసెంబరు మధ్య పోయిన ఇసుకలో చాలా భాగం దగ్గరి నీటి కింద తిన్నెలోనే ఉంటుంది. ప్రశాంతమైన నెలల్లో కొంతకొంతగా తిరిగొస్తుంది. ఏది రుతువుల మార్పో, ఏది శాశ్వత నష్టమో కొలతే చెబుతుంది.

కొలవడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. సెంటీమీటర్ గీతలున్న 1.5 మీటర్ల కర్రలు రెండు, 2 మీటర్ల తాడు చాలు. బడి గోడో, దీపస్తంభమో కదలని గుర్తుగా పెట్టుకుని అక్కడి నుంచి నీటి అంచు దాకా తాడు తాడుగా దిగాలి. గట్టు వైపు కర్ర దగ్గర నిలబడి, ముందున్న కర్ర కొనను ఆకాశం సముద్రం కలిసే గీతతో కలిపి చూడాలి. ఆ చూపు మీ కర్రను ఎక్కడ తాకుతుందో, కర్ర పైకొన నుంచి అక్కడిదాకా ఉన్న దూరమే ఆ తాడు పొడవులో నేల దిగిన ఎత్తు. నేల ఎదురుగా పైకి లేస్తే మీ కర్ర కొన మీదుగా చూసి ముందు కర్ర మీద చదవాలి. ప్రతి నెలా పౌర్ణమి రోజున, నీరు బాగా తీసిన వేళ, అవే గుర్తుల దగ్గర కొలవాలి. ఊరికి కనీసం మూడు చోట్ల, అందులో ఒకటి ఊరి ఉత్తరపు చివర ఉండేలా చూసుకోవాలి.

రెండేళ్ల కొలతలు చేతిలో ఉంటే ఏ జనవరికి ఎంత తిరిగొచ్చిందో, ఏది రాలేదో కాగితం మీద కనిపిస్తుంది. గోడ కావాలని కలెక్టర్ గారికి అర్జీ పెట్టేముందు ఆ కాగితాన్ని జత చేయండి. దాన్ని చూశాక ఇంజనీరు గోడకు బదులు దడి చాలంటారేమో, లేక నాలుగు ఇళ్లను వెనక్కి జరపడమే మేలంటారేమో. అంచనా అక్కడి నుంచి మొదలవుతుంది.