పచ్చ కళ్లద్దాల నగరం

పచ్చల నగరం ద్వారం దగ్గర ఒక కాపలాదారు ఉంటాడు. లోపలికి వచ్చే ప్రతివారికీ, చివరికి కుక్కపిల్లకు కూడా, ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టి, వెనక చిన్న తాళం వేస్తాడు. తాళంచెవి అతని మెడలోని గొలుసుకు వేలాడుతుంది. నగరపు మెరుపుకు కళ్లు పోతాయట, అందుకని ఈ జాగ్రత్త. 1900లో అచ్చయిన ఎల్. ఫ్రాంక్ బామ్ పిల్లల కథ ‘ద వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్’లోని ముచ్చట ఇది. కథ ముదిరాక ఆ నగరాన్ని ఏలే మాంత్రికుడే ఒప్పుకుంటాడు: ఈ ఊరు మిగతా ఊళ్లకన్నా పచ్చనిదేమీ కాదు, ఆ రంగంతా అద్దాలదే.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందనే మన సామెత ఇక్కడ గుర్తుకు రాకుండా ఉండదు. వైద్యం దృష్టిలో ఆ సామెత తప్పని కూడా చెప్పుకోవాలి. కామెర్లలో కంటి తెల్లగుడ్డు పసుపుబారుతుంది, చూపు మామూలుగా పసుపుబారదు. మనం చూసేది తెల్లగుడ్డు గుండా కాదు కదా. బామ్ కళ్లద్దాల సంగతీ అంతే. రంగు అద్దాలు ఎక్కువసేపు పెట్టుకుంటే కన్ను, మెదడు ఆ వెలుగుకు సర్దుకుంటాయి. పచ్చదనం క్రమంగా పలచబడుతుంది. అద్దాలు తీసిన కాసేపు తెల్లగోడ లేత గులాబీ రంగులో కనిపిస్తుంది. ఓజ్ పౌరులు ఏళ్ల తరబడి అంత పచ్చగా చూడగలిగారంటే అది మాంత్రికుడి గొప్పే.

ఈ పుస్తకానికి మరో జత కళ్లద్దాలు ఉన్నాయి. వాటిని పెట్టింది బామ్ కాదు, హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే హైస్కూలు చరిత్ర ఉపాధ్యాయుడు. 1960ల మొదట్లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో పిల్లలకు 1890ల అమెరికా రాజకీయాలు చెప్పాల్సి వచ్చింది. వెండి, బంగారం, టంకశాలల చట్టాలు! నిద్ర పట్టించడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. అందుకని అందరూ ఎరిగిన కథను తీసుకున్నాడు. గడ్డిబొమ్మ అంటే తనకు తెలివి లేదని నమ్మించబడిన రైతు. రేకుమనిషి అంటే కార్మికుడు: తూర్పు మంత్రగత్తె మంత్రించిన గొడ్డలి జారి ఒక్కో అవయవమూ తెగిపోగా, వాటి స్థానంలో రేకు అతికించుకుంటూ చివరికి గుండె కూడా లేకుండా మిగిలినవాడు. పెద్దగా గర్జించే పిరికి సింహం అంటే వెండి పక్షాన నిలిచిన రాజకీయ నాయకుడు, వక్త విలియం జెన్నింగ్స్ బ్రయాన్. పసుపు ఇటుకల బాట బంగారం, కథానాయిక అయిన చిన్నపిల్ల డొరతీ కాళ్లకున్న వెండి చెప్పులు వెండి. 1964లో ఈ వివరణ ‘అమెరికన్ క్వార్టర్లీ’ పత్రికలో వచ్చింది.

ఇందులో ఆర్థికశాస్త్రం మాత్రం కల్పితం కాదు. అమెరికా 1873 చట్టంతో వెండి డాలరును పక్కన పెట్టింది, డబ్బు బంగారానికి కట్టుబడింది. సరుకులు పెరిగినంత వేగంగా బంగారం పెరగలేదు. 1880 నుంచి 1896 దాకా ధరల స్థాయి దాదాపు 23 శాతం పడిపోయింది. ధరలు పడితే మంచిదే కదా అనిపిస్తుంది, అప్పు లేనివారికి. బస్తా గోధుమలు డాలరు పలికినప్పుడు వెయ్యి డాలర్లు అప్పు చేసిన రైతు, బస్తా అర డాలరుకు పడిపోతే అదే అప్పుకు రెండు వేల బస్తాలు తోలాలి. వడ్డీ సంగతి వేరే. పడమటి రైతులకు ఋణదాతలు తూర్పు నగరాల బ్యాంకులవాళ్లు. తూర్పు మంత్రగత్తె అన్న పేరు వాళ్ల ఒంటికి కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది.

విరుగుడుగా రైతులు అడిగింది 16:1. అంటే పదహారు ఔన్సుల వెండిని ఒక ఔన్సు బంగారంతో సమానంగా చూసి, ఎంత తెస్తే అంత నాణేలు కొట్టి ఇవ్వడం. అప్పటికే బజారులో ఒక ఔన్సు బంగారానికి దాదాపు ముప్పై ఔన్సుల వెండి వస్తోంది. టంకశాల దాని విలువను రెట్టింపు కడితే డబ్బు పెరుగుతుంది, ధరలు పెరుగుతాయి, అప్పు తేలికవుతుంది. 1896 జులైలో షికాగోలో బ్రయాన్ చేసిన ప్రసంగం దీని గురించే: మనిషిని బంగారు శిలువకు కొట్టకండని. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో ఆయన ఓడిపోయాడు.

వెండి అంతగా పడిపోవడంలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. రూపాయి అప్పుడు వెండి మీద నడిచేది. 1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం, ఎవరైనా వెండి తెస్తే రూపాయలు కొట్టి ఇచ్చే పద్ధతిని ఆపేసింది. ప్రపంచంలోని అతిపెద్ద గిరాకీల్లో ఒకటి మూతపడేసరికి వెండి ధర రోజుల్లోనే కుప్పకూలింది, అమెరికా రాకీ కొండల్లోని కొలరాడో వెండి గనులు మూతపడ్డాయి. అమెరికాలో అప్పటికే మొదలైన మాంద్యం మధ్య, ప్రభుత్వం వెండి కొనే చట్టాన్ని ఆ ఏడాదే రద్దు చేశారు. కలకత్తా, బొంబాయి టంకశాలల తలుపులు మూస్తే దెబ్బ రాకీ కొండల్లో తగిలింది.

రైతుల బాధ చివరికి తీరింది, కానీ వెండి వల్ల కాదు. దక్షిణాఫ్రికా గనులు, కెనడాలోని క్లోండైక్ గనులు, తక్కువరకం ఖనిజం నుంచి కూడా బంగారాన్ని రాబట్టే సయనైడ్ పద్ధతి కలిసి బంగారాన్నే సమృద్ధి చేశాయి. 1896 నుంచి 1910 దాకా ధరలు దాదాపు 35 శాతం పెరిగాయి. బ్రయాన్ అడిగిన పని రసాయనశాస్త్రం చేసిపెట్టింది.

ఇంతకీ ఇదంతా బామ్ మనసులో ఉందా? ఉన్నట్టు ఆనవాళ్లు లేవు. ఈ పుస్తకం కేవలం నేటి పిల్లల సంతోషం కోసం రాశానని ముందుమాటలోనే చెప్పాడు. రాజకీయంగా చూస్తే, 1896లో అతను బ్రయాన్ ప్రత్యర్థి మెకిన్లీని మెచ్చుకుంటూ ఒక పద్యం అచ్చు వేయించాడు. ఈ పద్యాన్ని పరిశోధకుడు మైకేల్ పాట్రిక్ హర్న్ బయటపెట్టాక, బామ్‌ను ఆ రైతు ఉద్యమ సమర్థకుడిగా చూడడానికి ఆధారం లేదని 1992లో లిటిల్‌ఫీల్డ్ స్వయంగా రాశాడు. తన వాదనను తానే వదులుకున్న పండితుడు అరుదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

వాదన మాత్రం ఆయన చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయింది. 1990లో హ్యూ రాకాఫ్ అనే ఆర్థికవేత్త దానికి మరింత నగిషీ పెట్టాడు. ఓజ్ (Oz) అంటే ఔన్సుకు ఇంగ్లీషు పొట్టిరూపం. రాజభవనంలో డొరతీని ఏడు నడవల గుండా, మూడు వరసల మెట్ల మీదుగా తీసుకెళతారు: ఏడు, మూడు, కనుక 1873! చదివినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. కాస్త ఆగి చూస్తే నవ్వొస్తుంది. ఏడు నడవలు, ఆరు వరసల మెట్లు ఉంటే 1776 స్వాతంత్ర్య ప్రకటన అయ్యేది. ఐదు, నాలుగు ఉన్నా ఏదో ఒకటి దొరికేది. సంబంధం లేనివాటి మధ్య సంబంధం చూసే మన అలవాటును అపోఫేనియా అంటారు; జర్మన్ మనోవైద్యుడు క్లాస్ కాన్రాడ్ 1958లో ఈ మాటను మొదట స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి తొలిదశ గురించి వాడాడు. పొదలో కదలికను పులిగా పొరబడ్డవాడు బతికాడు, పులిని గాలిగా పొరబడ్డవాడు బతకలేదు. అందుకే మెదడు అర్థాలను వెతికేవైపే మొగ్గుతుంది. శాస్త్రంలో ఇలాంటి వాదనను పరీక్షించే మార్గం ఒకటుంది: కుదిరినవి కాదు, కుదరనివి లెక్కపెట్టాలి. తలలతో పొడిచే సుత్తితలలవాళ్లు ఎవరు? పింగాణీ బొమ్మల ఊరు ఏమిటి? అక్కడికొచ్చేసరికి ఈ తాళంచెవి అంత సులువుగా తిరగదు.

పింగాణీ ఊరికి జవాబు బామ్ జీవితంలోనే ఉండవచ్చని నా అనుమానం. రచయితగా నిలదొక్కుకోకముందు అతను ఊరూరా తిరిగి పింగాణీ, గాజు సామాన్లు అమ్మాడు. అంతకుముందు డకోటాలో కరవు రోజుల్లో అతని దుకాణం మునిగింది. కథ మొదట్లో ఎండి పగిలి బూడిదరంగు తేలిన కాన్సాస్ నేల ఆ కరవు చూసినవాడి వర్ణనే. తర్వాత షికాగోలో దుకాణాల అద్దాల వెనక సరుకును ఎలా అలంకరించాలో చెప్పే పత్రిక నడిపాడు. ఏ అద్దం వెనక పెడితే వస్తువు మెరుస్తుందో అతనికి వృత్తిరీత్యా తెలుసు. ఈ పోలికా నేను పెట్టుకున్న అద్దమే కావచ్చు, కాదనను.

మాంత్రికుడు నోరు విప్పడానికి చాలా ముందే, కథ మధ్యలో, బామ్ గుట్టు చెప్పేశాడు. రాజభవనంలో ఇచ్చిన ఆకుపచ్చ పట్టు గౌను తొడుక్కుని డొరతీ పడమటికి బయలుదేరుతుంది. ద్వారం దగ్గర కాపలాదారు తాళం తీసి అద్దాలు తీసుకుంటాడు. కాస్త దూరం నడిచాక చూసుకుంటే గౌను తెల్లగా ఉంది. కుక్కపిల్ల మెడలోని ఆకుపచ్చ రిబ్బనూ తెల్లగానే ఉంది. డొరతీ ఆశ్చర్యపోతుంది, ఎందుకని మాత్రం ఎవరినీ అడగదు. అలాగే నడిచి వెళ్లిపోతుంది.