ఆ పని చేసింది ఎవరు?

పిల్లలూ,

ఇంగ్లీష్ కథ చదివాక ‘ఇందులో అన్యాయం ఎక్కడ ఉంది’ అని అడిగితే ఏం రాయాలో తోచడం లేదని, గ్రామర్ ఒక పాఠం, కథ ఇంకో పాఠంలా ఉన్నాయని మీరు అన్నారు కదా. నా మటుకు రెండింటిలోనూ వెతకాల్సింది ఒకటే. ఆ పని చేసింది ఎవరు?

ముందు మన తెలుగే చూడండి. కప్పు ‘పగిలింది’ అంటే చేసినవాళ్ల ఊసు లేదు, ‘పగలగొట్టింది’ అంటే ఎవరో చేశారు. క్రియే మారిపోయింది. ఇంగ్లీషులో రెండు చోట్లా బ్రోక్ అనే మాటే వస్తుంది: ‘ద కప్ బ్రోక్’, ‘షి బ్రోక్ ద కప్’. కాబట్టి అక్కడ క్రియ ఒక్కటే చూస్తే చాలదు, దాని ముందు ఎవరున్నారో కూడా చూడాలి. అలాగే ‘జీతం కోశారు’ అన్నప్పుడు ఎవరో చెప్పకపోయినా ఆ చివరి ‘రు’లో మనుషులు ఉన్నారు. ‘హర్ పే వాజ్ కట్’లో, బై అని చేర్చి పేరు చెబితే తప్ప, ఆ జాడ కూడా ఉండదు. ఇలాంటి పాసివ్ వాయిస్ వాక్యం తప్పని కాదు, చేసిందెవరో తెలియనప్పుడు అదే సరైన వాక్యం, కాకపోతే తెలిసి కూడా వదిలేశారేమో అని ఒకసారి ఆగి చూసుకోవాలి.

రష్యన్ రచయిత చెకోవ్ 1883లో రాసిన ఒక చిన్న కథ ఉంది, ఇంగ్లీషులో ‘ద నిన్నీ’ అనే పేరుతో దొరుకుతుంది. యూలియా అనే అమ్మాయి ఒక ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెబుతుంది. యజమాని పిలిచి జీతం లెక్క చూస్తాడు. నెలకు 40 రూబుళ్లని ఆమె అంటే, కాదు 30 అంటాడు. రెండు నెలలకు 60. అందులో ఆదివారాలకు, పండుగలకు, పిల్లాడికి జబ్బు చేసిన రోజులకు, ఆమె పంటినొప్పి రోజులకు కలిపి 19 పోతాయి. ఇక మిగతా కోతల పక్కన పెన్సిల్ పెట్టుకుని కూర్చోండి. కప్పు పగలగొట్టింది ఆమె, సరే, 2 రూబుళ్లు. చెట్టెక్కి కోటు చింపుకున్నది పిల్లాడు, 10 పోయింది ఆమెకు. బూట్లు దొంగిలించింది పనిమనిషి, 5 పోయింది ఆమెకు. ముందే ఇచ్చానని ఇంకో 10 తీసేస్తాడు, తీసుకోలేదని ఆమె మెల్లగా అన్నా వినడు. ఆయన భార్య దగ్గర 3 మాత్రం తీసుకున్నానని తనే ఒప్పుకుంటే, అదీ తీసేసి చేతిలో 11 పెడతాడు. ఆమె థాంక్స్ చెబుతుంది!

పని చేసిందొకరు, డబ్బు పోయింది ఇంకొకరికి. మీ జవాబులో ఈ ఒక్క మాట రాసి, కోటునీ బూట్లనీ చూపించండి, చాలు. ‘పాపం, ఆమెకు అన్యాయం జరిగింది’ అని రాస్తే, మీరు కూడా చేసినవాణ్ణి వాక్యంలోంచి తప్పించినట్టే.

చివర్లో ఆయన ఇదంతా ఆటపట్టించడానికేనని చెప్పి 80 రూబుళ్లూ ఇచ్చేస్తాడు, ఎందుకు ఎదురుచెప్పలేదని ఆమెనే అడుగుతాడు. చాలామంది అక్కడ ఆయన పక్షానికి వెళ్లిపోతారు, ఆమె పిరికిదని రాస్తారు. నాకది సమ్మతం కాదు. కథ చెబుతున్న ‘ఐ’, అంటే ‘నేను’, ఆయనే, ఆమె మనసులో ఏముందో ఆయనకు తెలియదు, మనకు కనిపించేది నీళ్లు నిండిన కళ్లూ వణికే గడ్డమూ మాత్రమే. పాఠం నేర్పడానికే అనుకున్నా, ఆ కాసేపు ఆమె పడిన బాధ నిజమైనదే కదా.

థాంక్స్ ఎందుకని ఆయన అడిగినప్పుడు ఆమె చెప్పిన జవాబును మాత్రం మళ్లీ చదవండి: వేరే చోట్ల అసలు ఇవ్వనే లేదు, అంటుంది. ఆ ‘ఇవ్వనే లేదు’కి కర్త ఎవరు? ఎంతమంది? మీకేమనిపించిందో నాకు రాయండి, తెలుగులో అయినా సరే.

ప్రేమతో,
మీ తాతయ్య