చుక్క అడవిలో పడితే? జియోహ్యాషింగ్ అపోహలు - వాస్తవాలు

శుక్రవారం సాయంత్రం అయ్యిందంటే అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ ఎంత దగ్గర మొదలైందా అని చూస్తాను. షేర్ల కోసం కాదు, శనివారం ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి. 2008 మేలో అమెరికా కార్టూనిస్ట్ రాండల్ మన్రో తన ఎక్స్‌కేసీడీ వెబ్ కామిక్‌లో చెప్పిన జియోహ్యాషింగ్ ఆట ఇది: తేదీని, డౌ జోన్స్ ఓపెనింగ్ అంకెను కలిపి ఎండీ5 అనే కంప్యూటర్ లెక్కలో వేస్తే 0.45 లాంటి రెండు దశాంశ భిన్నాలు వస్తాయి, వాటిని మన అక్షాంశ రేఖాంశాల పూర్ణాంకాల వెనక తగిలిస్తే మ్యాప్ మీద ఒక చుక్క పడుతుంది, ఆ చోటికి వెళ్లడమే ఆట. ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం ఉన్న చతురస్రం ఒక గడి; హైదరాబాద్ వాళ్ల గడి 17, 78.

అపోహ: అక్కడ ఎవరో ఏదో దాచి ఉంచుతారు.
అది జియోక్యాషింగ్, వేరే ఆట. ఇక్కడ ఏమీ ఉండదు, వెళ్లి చూడటమే.

అపోహ: చుక్క ఏ రోజుకారోజే తెలుస్తుంది, ముందే ప్లాన్ చేయలేం.
అమెరికాలో ఉన్నవాళ్లకు ఆ మాట కొంత నిజం. మనకు మాత్రం ముందు రోజు ఓపెనింగే లెక్క. న్యూయార్క్ మార్కెట్ తెరిచేసరికి మనకు రాత్రి 7, చలికాలంలో 8. శని ఆదివారాలు మార్కెట్ ఉండదు కాబట్టి శుక్రవారం అంకెతోనే శని, ఆది, సోమ మూడు రోజుల చుక్కలూ తెలిసిపోతాయి, తేదీ మారుతుంది కనుక మూడూ వేర్వేరు చోట్ల పడతాయి. ఆ రాత్రే శాటిలైట్ ఫొటోలో దారి, వాగులు, గుట్టలు చూసుకుని, మూడింటిలో ఏది కుదురుతుందో తేల్చుకుంటాను.

అపోహ: మన గడిలో దూరంగా పడితే ఆ వారం అంతే.
పక్క గడులు కూడా చూడండి. అవే దశాంశాలు ప్రతి గడిలోనూ పడతాయి. మన ప్రాంతంలో ఒక గడి సుమారు 110 కిలోమీటర్లు పొడవు, 106 వెడల్పు, కాబట్టి ఎక్కడున్నా ఏదో ఒక చుక్క గీత గీసినట్టు కొలిస్తే 77 కిలోమీటర్ల లోపే ఉంటుంది. వికారాబాద్ వాళ్లకైతే 17, 77 గడి, 17, 78 గడి రెండూ దగ్గరే.

అపోహ: రోడ్డు నుంచి అరకిలోమీటరే కదా, పది నిమిషాలు.
నన్ను బాగా ఇబ్బంది పెట్టిన నమ్మకం ఇదే. నర్సాపూర్ అడవి వైపు ఒకసారి రేంజ్ ఆఫీసులో అడిగి వెళ్లాం, మ్యాప్‌లో 600 మీటర్లు చూపించింది, వానలు తగ్గిన కొత్త, ముళ్లపొదలు మనిషెత్తు పెరిగి ఉన్నాయి, చుట్టూ తిరిగి తిరిగి గంటన్నర పట్టింది, తెచ్చుకున్న నీళ్లు సగానికి పైగా వెళ్లేటప్పుడే అయిపోయాయి. అప్పటి నుంచి వెనక్కి తిరిగే టైమ్ ఇంట్లోనే రాసుకుంటున్నాను: మధ్యాహ్నం 3 దాటితే ఎంత దగ్గరున్నా తిరుగు ప్రయాణమే. ఆ టైమ్, ఆ కోఆర్డినేట్లు ఇంట్లో ఒకరికి పంపి బయలుదేరండి.

అపోహ: సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు.
పనిచేస్తుంది, అది శాటిలైట్ల నుంచి వస్తుంది. డేటా కావలసింది మ్యాప్‌కే, కాబట్టి ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దట్టమైన చెట్ల కింద పాయింట్ అటూ ఇటూ ఎగురుతుంది, కాసేపు నిలబడి చూడండి. ఇంకో తప్పు: 17.45 అంటే 17 డిగ్రీల 45 నిమిషాలు అనుకోవడం. అలా కొడితే ఏకంగా 33 కిలోమీటర్లు పక్కకు పోతారు.

అపోహ: చుక్క పడిందంటే వెళ్లే హక్కు ఉన్నట్టే.
లేదు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖ అనుమతి కావాలి. 16, 78 గడిలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉంది, అందులో పడితే నేను ఆ చుక్క వదిలేస్తాను. పులి తిరిగే చోట మన సరదాకి పని లేదు. పొలంలో పడితే రైతుని అడగండి. భువనగిరి వైపు ఒక పత్తి చేనులో పడితే విషయం చెప్పాం, ఆ పెద్దాయన నవ్వి, చాళ్ల మధ్య నుంచి తనే తీసుకెళ్లి "ఇదేనా మీ జాగ" అని చూపించారు.

అపోహ: చేరకపోతే ట్రిప్ వేస్ట్.
మొన్న జనవరిలో 300 మీటర్ల దూరంలో వెనక్కి తిరిగాం, వాగు అవతల కంచె ఉంది, అడగడానికి మనిషి కనపడలేదు. ఈ ఆట ఆడేవాళ్లు చేరని ప్రయాణాలను కూడా రాసి పెట్టుకుంటారు, నేనూ రాశాను. ఆ వాగు ఒడ్డునే కూర్చుని పులిహోర తిని, చీకటి పడకముందే రోడ్డెక్కాం.