రాంబర్గ్ స్కోరులో రాంబర్గ్ ఎంత?

బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం) కోసం సంగీతం కట్టిన సిగ్మండ్ రాంబర్గ్ పాటలు అమెరికాలో ఒక్కొక్కటిగా కాపీరైట్ నుంచి బయటపడుతున్నాయి. అక్కడ అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్క. 1924లో అచ్చయిన ‘ది స్టూడెంట్ ప్రిన్స్’ నాటకం పాటలు 2020 జనవరి 1న, 1926 నాటి ‘ది డెజర్ట్ సాంగ్’ పాటలు 2022లో, 1928 నాటి ‘ది న్యూ మూన్’ పాటలు 2024లో అందరివీ అయ్యాయి. మన చట్టంలో లెక్క వేరు, రచయిత పోయాక 60 ఏళ్లు. రాంబర్గ్ 1951 నవంబరులో పోయాడు కాబట్టి ఆయన బాణీలకు ఇక్కడ 2012 నుంచే అడ్డు లేదు. ‘డెజర్ట్ సాంగ్’, ‘న్యూ మూన్’ పాటలకు మాటలు రాసిన ఆస్కార్ హామర్‌స్టీన్ 1960లో పోయాడు, ఆయన సాహిత్యానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ‘డెజర్ట్ సాంగ్’లో ఆయనతో కలిసి రాసిన ఓటో హార్బాక్ 1963 దాకా ఉన్నాడు గనుక ఆ మాటలకు ఇంకో మూడేళ్లు పట్టింది.

తేదీల సంగతి అంతే. అసలు చిక్కు వేరే ఉంది. కవరు మీద ‘సంగీతం: రాంబర్గ్’ అని ఉన్నంత మాత్రాన లోపలున్నదంతా ఆయనది కాదు. అది మోసమూ కాదు, ఆనాటి బ్రాడ్‌వే పని పద్ధతే అలాంటిది.

రాంబర్గ్ 1887లో హంగరీలోని నాజ్‌కనిజాలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదవమని పంపితే వియన్నాలో ఆపరెట్టాల (పాటలతో నడిచే తేలికపాటి సంగీత నాటకాల) చుట్టూ తిరిగాడు. 1909లో న్యూయార్క్ చేరి, వారానికి ఏడు డాలర్లకు పెన్సిళ్ల ఫ్యాక్టరీలో కుదిరాడు. అక్కణ్నుంచి కఫేల్లో పియానో, ఆపైన బుస్తనోబీ రెస్టారెంట్‌లో సొంత ఆర్కెస్ట్రా. అక్కడ వాయించిన డాన్సు బాణీలు అచ్చయ్యాక నాటక నిర్మాతలైన షూబర్ట్ సోదరుల కంట పడ్డాడు. వాళ్ల చేతిలో థియేటర్లు బోలెడు, వాటిని ఏడాది పొడవునా నింపాలి. 1914 జనవరిలో వింటర్ గార్డెన్‌లో ‘ది వర్ల్ ఆఫ్ ది వరల్డ్’తో మొదలుపెట్టి 1917 చివరికల్లా డజనుకు పైగా షోలకు పాటలు కట్టాడు. వీటిలో ఎక్కువ రెవ్యూలు. కథ నామమాత్రం, అమ్మాయిల వరుసలు, హాస్యం, మధ్యమధ్య పాట. ఈ పాటల్లో నిలిచింది దాదాపు శూన్యం, నిలబడాలని ఎవరూ అడగనూ లేదు.

ఆయన మీద పెట్టిన రెండో పని ఈ చిక్కుకు మూలం. షూబర్ట్‌లు వియన్నా, బెర్లిన్ ఆపరెట్టాల హక్కులు కొనేవారు. స్థానిక రచయిత కథను తిరగరాసేవాడు. అసలు స్వరకర్త పాటల్లో ఇక్కడ ఆడవనుకున్నవి తీసేసి, ఆ ఖాళీల్లో ఇంటి స్వరకర్త చేత కొత్తవి కట్టించేవారు. పైన తారలు తమకు నచ్చిన పాట ఎక్కడిదైనా తెచ్చి దూర్చుకోవచ్చు. అంటే ఒక స్కోరులో, అదే నాటకం మొత్తం సంగీతంలో, మూడు పొరలు: అసలువాడిది, రాంబర్గ్‌ది, ఎవరిదో.

1915 ఆగస్టులో కాసినో థియేటర్‌లో వచ్చిన ‘ది బ్లూ పారడైజ్’ ఎడ్మండ్ ఐస్లర్ వియన్నా ఆపరెట్టాకు ఇలాంటి రూపాంతరం. ఐస్లర్ పాటలు కొన్ని ఉన్నా, జనం నోట మిగిలింది రాంబర్గ్ కలిపిన ‘ఔఫ్ వీడర్‌జేన్’ వాల్ట్జ్ (మూడు అంకెల లెక్కలో సాగే నాట్య బాణీ). పాడింది వివియెన్ సీగల్ అనే కొత్త అమ్మాయి. 1916లో ‘హర్ సోల్జర్ బాయ్’ ఇంకా విచిత్రం. అసలు స్కోరు హంగరీవాడే అయిన ఎమ్మెరిక్ కాల్మాన్‌ది. దాన్ని మరో హంగరీవాడు కత్తిరించి అతికిస్తే, హిట్టయినది మాత్రం పక్క నుంచి తెచ్చి పెట్టిన ‘ప్యాక్ అప్ యువర్ ట్రబుల్స్’ అనే బ్రిటిష్ సైనికుల కవాతు పాట!

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగింది. జర్మన్ సరుకంటేనే మొహం చిట్లించే రోజులు వచ్చాయి. అదే ఆగస్టులో ‘మేటైమ్’ పడింది. మూలం వాల్టర్ కొల్లో బెర్లిన్ నాటకం. రీడా జాన్సన్ యంగ్ కథను 1840 నాటి న్యూయార్క్‌కు మార్చింది, కొల్లో సంగీతాన్ని మొత్తం పక్కన పెట్టేశారు. రాంబర్గ్‌కు మొదటిసారి పూర్తి స్కోరు చేతికొచ్చింది. ‘విల్ యూ రిమెంబర్’ అనే ఒకే వాల్ట్జ్ తరాల మీదుగా మళ్లీ మళ్లీ వినిపిస్తూ కథను మోస్తుంది. 492 ప్రదర్శనలు. నా లెక్కలో ఆయన స్వరకర్తగా పుట్టింది ఇక్కడే, అంతకుముందు చేసింది కొలువు.

కొలువు మాత్రం పోలేదు. 1918లో ‘సింబాద్’ స్కోరు రాంబర్గ్‌దే. కానీ గాయక నటుడు ఆల్ జోల్సన్ పాడితే ఊగిపోయిన ‘రాక్ ఎ బై యువర్ బేబీ’ జీన్ ష్వార్జ్‌ది (ఆయనదీ బుడాపెస్టే), తర్వాత టూరులో చేరిన ‘స్వానీ’ జార్జ్ గెర్ష్విన్‌ది. ఈ రెండూ రాంబర్గ్ ఖాతాలో రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

విసిగిన రాంబర్గ్ మాక్స్ విల్నర్‌తో కలిసి సొంతంగా నిర్మాణంలో దిగాడు, చేతులు కాల్చుకుని 1921లో షూబర్ట్‌ల దగ్గరికే వచ్చాడు. అప్పుడు ఇచ్చిన పని ‘బ్లాసమ్ టైమ్’. వియన్నా స్వరకర్త ఫ్రాంజ్ షూబర్ట్ (నిర్మాతలైన షూబర్ట్‌లు వేరు) జీవితం మీద ఆయన బాణీలతోనే అల్లిన కథ, వియన్నాలో 1916లో హైన్రిక్ బెర్టే చేసినదానికి అమెరికా రూపం. అందులోని ‘సాంగ్ ఆఫ్ లవ్’ పాట కోసం రాంబర్గ్ ఏం చేశాడో చూస్తే పనితనం తెలుస్తుంది. షూబర్ట్ అసంపూర్ణ సింఫనీ మొదటి భాగంలో చెల్లోలు (మంద్రంగా పలికే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యాలు) ఎత్తుకునే రెండో రాగఖండం ఎలాగూ మూడు తాళాల లెక్కలోనే ఉంది. దాన్ని వాల్ట్జ్ నడకలో పెట్టి, షూబర్ట్ మధ్యలో ఆపేసిన చోట ఆపకుండా పల్లవిగా ముగించాడు. సంగీత పండితులు తిట్టారు, టికెట్లు తెగాయి. ఊరూరా తిరిగే బృందాలు ఎన్ని పుట్టుకొచ్చాయంటే, చివరికి వెలిసిపోయిన సెట్లతో తిరిగే టూరుకు ఈ నాటకం పేరే మారుపేరైంది.

‘స్టూడెంట్ ప్రిన్స్’ దగ్గర తగవు వచ్చింది. విద్యార్థుల కథ కాబట్టి రాంబర్గ్ పెద్ద మగ కోరస్ అడిగాడు. షూబర్ట్‌లకు అలవాటైనది ఆడపిల్లల కోరస్, మగ గొంతులకు జీతాలు దండగనిపించింది. రాజకుమారుడు, సత్రం పిల్ల విడిపోవడమూ నచ్చలేదు. కోరస్, ముగింపు రెండూ నిలిచాయి. 1924 డిసెంబరు 2న మొదలై 608 ప్రదర్శనలు ఆడింది, మూడేళ్ల తర్వాత వచ్చిన ప్రసిద్ధ నాటకం ‘షో బోట్’ 572 దగ్గర ఆగింది. మద్య నిషేధం అమల్లో ఉన్న దేశంలో గుంపుగా గ్లాసులెత్తి పాడే ‘డ్రింకింగ్ సాంగ్’ హిట్టవడంలో ఆశ్చర్యమేముంది? ఇప్పుడు వేసేవాళ్లు ఖర్చుకు భయపడి ఆ కోరస్‌ను ఎనిమిది మందికి కుదిస్తారు. నాలుగు స్వరభాగాలకు ఇద్దరిద్దరే మిగిలితే మార్చ్ పాటలు బలం కోల్పోతాయి, ఆ వెనక వచ్చే ప్రేమగీతం సెరినేడ్‌కు ఎదురుపోలిక ఉండదు.

‘డెజర్ట్ సాంగ్’ మొరాకోలో రిఫ్ తెగల తిరుగుబాటు వార్తల వేడి మీద అల్లినది. న్యూయార్క్‌కు రాకముందు బయటి ఊళ్లలో పరీక్షగా ఆడే ట్రైఅవుట్‌లో దాని పేరు ‘లేడీ ఫెయిర్’. 1926 నవంబరులో న్యూయార్క్‌లో తెర లేచినప్పుడు కథానాయిక మళ్లీ వివియెన్ సీగలే. ‘న్యూ మూన్’ 1927 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో ఆడక మూతపడింది. కథ, పాటలు తిరగరాసి 1928 సెప్టెంబరులో ఇంపీరియల్ థియేటర్‌కు తెస్తే 509 ప్రదర్శనలు ఆడింది. అందులోని ‘సాఫ్ట్‌లీ, యాజ్ ఇన్ ఎ మార్నింగ్ సన్‌రైజ్’ జాజ్‌వాళ్ల చేతిలో పడి, 1961లో న్యూయార్క్ జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌లో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ దాకా వెళ్లింది. ‘లవర్, కమ్ బ్యాక్ టు మీ’ మధ్య భాగంలో చైకోవ్‌స్కీ ‘జూన్’ పియానో ముక్క వినిపిస్తుందని అప్పుడే పట్టేశారు. అతికే చెయ్యి అంత తొందరగా అలవాటు మానదు.

సినిమాలు గందరగోళాన్ని ఇంకా పెంచాయి. 1937 ‘మేటైమ్’ చిత్రంలో కథ పూర్తిగా వేరు, నాటకం నుంచి చెప్పుకోదగ్గట్టు మిగిలింది ‘విల్ యూ రిమెంబర్’ ఒక్కటే. 1954 ‘స్టూడెంట్ ప్రిన్స్’లో మారియో లాంజా పాడిన ‘ఐల్ వాక్ విత్ గాడ్’, ‘బిలవెడ్’, ‘సమ్మర్‌టైమ్ ఇన్ హైడల్‌బర్గ్’ నికొలస్ బ్రాడ్‌స్కీవి. నాటకం పేరు చూసి వీటినీ కలిపి పాడితే, 1924 నాటి స్కోరు మధ్యలో 1954 నాటి, అమెరికాలో ఇంకా హక్కులున్న పాటలు దూరినట్టే.

అందుకే చేతికందిన ఆల్బమ్ చూసి కాకుండా, మొదటి ప్రదర్శన నాటి పియానో-గాత్ర స్కోరు ముందు పెట్టుకుని ప్రతి పాట పక్కనా స్వరకర్త పేరు, అచ్చయిన ఏడాది రాసుకోవాలి. ఆర్కెస్ట్రా పార్టుల లెక్క మళ్లీ విడిగా చూసుకోవాలి. బాణీ అందరిదైనా, తర్వాత ఎవరో వాయిద్యాలకు కొత్తగా పంచి రాసిన ఆర్కెస్ట్రేషన్‌కు దాని హక్కులు దానికుంటాయి. రాంబర్గ్ పోయాక 1954లో వచ్చిన ‘ది గర్ల్ ఇన్ పింక్ టైట్స్’ ఆయన వదిలిన చిత్తుప్రతుల నుంచి డాన్ వాకర్ పూర్తి చేసినది. కవరు మీద మాత్రం రాంబర్గ్ పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది.